చలికోటు ఎక్కడుందని అడిగే ఆవిడ

వేగాస్‌లో ఎవరినైనా "మీదే ఊరు?" అని అడిగితే వేరే ఊరి పేరు చెబుతారు. వచ్చి పాతికేళ్లయినా అంతే. ఒకరు టల్సా అంటారు, ఒకరు క్లీవ్‌లాండ్ అంటారు, ఒకరు మనీలా అంటారు. నేను ఇక్కడే పుట్టాను. మా నాన్న మెక్సికో నుంచి వచ్చి హోటళ్లకి సిమెంటు పోసిన రోజుల్లో, ఊరికి ఉత్తరాన, ఇసుక వచ్చి వాకిట్లో కూర్చునే వీధిలో పుట్టాను. నాది ఈ ఊరే అని చెబితే జనం నా వంక ఎండలో బల్లిని చూసినట్టు చూస్తారు.

ఆర్డిత్ కోల్‌స్టాడ్ కూడా తనది ఉత్తర డకోటా అనేది. 1971లో భర్తతో కలిసి రెండు రోజులకని వచ్చింది. మూడో రోజు భర్త వెళ్లిపోయాడు, ఆవిడ ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయావని నేనెప్పుడు అడిగినా, "ఎండగా ఉందని" అనేది. మొదటి తొమ్మిదేళ్లు నడుముకి నాణేల పట్టీ కట్టుకుని జూదం యంత్రాల మధ్య చిల్లర ఇస్తూ తిరిగింది. ఆ బరువుకి ఎడమ తుంటి అరిగిపోయింది. తర్వాత మరణ విచారణ ఆఫీసులో గుమాస్తాగా చేరింది. నేను ఆ గదిలో పనికి చేరేసరికి ఆవిడకి యాభై తొమ్మిది. పొడుగు మనిషి. కుర్చీలోంచి లేచేటప్పుడు మడత కుర్చీ విప్పినట్టు కొంచెం కొంచెంగా లేచేది. నన్ను "పిల్లా" అనేది. నా పేరు నీవెస్ అని తెలుసు గాని, స్పానిష్‌లో దాని అర్థం మంచు అని తెలిసిన రోజు పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచు చూడని మనిషికి మంచని పేరు! చూసిన నేను పారిపోయి వచ్చాను!"

మా గదికి మనుషులు కాగితాలై వచ్చేవారు. ప్రమాదాల్లో పోయినవాళ్లు, కారణం తెలియనివాళ్లు, తమ ప్రాణం తామే తీసుకుని తమంతట తాము పోయినవాళ్లు. ఒక్కొక్కరికి ఒక ఫారం. పేరు, వయసు, చదువు, పెళ్లి. పద్నాలుగో గడిలో, సాధారణ నివాసం. అంటే ఆ మనిషిది ఏ ఊరని. వేరే చోట అదొక గడే కాదు, చూడకుండా నింపేస్తారు. మా దగ్గర మాత్రం ఊరంతా ఆ గడిలోకి తొంగి చూసేది. ఏడాది చివర ఆ గడిని బట్టే లెక్క రెండుగా చీలేది, ఇక్కడివాళ్లు ఎందరు, వచ్చిపోయేవాళ్లు ఎందరు అని.

తమంతట తాము పోయినవాళ్ల లెక్క మా ఊళ్లో ఎప్పుడూ ఎక్కువే. అందుకని దాని కోసం ఇద్దరు వచ్చేవారు. పర్యాటకం వాళ్ల తరఫున ఒక తెల్ల బూట్ల మనిషి వచ్చి, "వాళ్లు మా అతిథులు కారు మేడమ్, ఇక్కడి కాపురస్థులే, కాస్త చూసి రాయండి" అనేవాడు. ప్రజారోగ్యం ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, "మనవాళ్లు కాదమ్మా, ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికొచ్చి పోతున్నారు, అది మన మీద రాస్తే ఎలా" అనేది. ఇద్దరూ మిఠాయి పెట్టెలు తెచ్చేవారు. ఆర్డిత్ ఇద్దరి మిఠాయిలూ తినేది.

"ఇద్దరూ ఒక్క మాటే చెబుతున్నారే పిల్లా," అనేది వేళ్లు తుడుచుకుంటూ. "పోయినవాడు మా వాడు కాడని."

ఆవిడ పద్ధతి వేరు. డ్రైవింగ్ లైసెన్సు మీది చిరునామా చూసి రాసేది కాదు. కుటుంబానికి తనే ఫోన్ చేసేది. ముందు చావు కబురు చెప్పేది, వాళ్లు ఏడ్చి తేరుకునేదాకా ఆగేది, ఆఖర్న ఒక ప్రశ్న అడిగేది. "అతని చలికోటు ఎక్కడుందమ్మా?"

మా ఊరికి చలికోటు అక్కర్లేదు. చలిదేశాల నుంచి వచ్చినవాళ్లు మొదటి ఏడాది దాన్ని అల్మరాలో పెడతారు, రెండో ఏడాది మంచం కింద పెడతారు. ఏదో ఒక రోజు పాతబట్టల దుకాణంలో ఇచ్చేస్తారు. ఆ దుకాణాల్లో వెనక గోడ పొడవునా కోట్లు వేలాడుతూ ఉంటాయి, బయట మండే ఎండ, లోపల ముప్ఫై మంది ఉత్తరాది మనుషులు చేతులు దించుకుని నిలబడ్డట్టు. కోటు ఇచ్చేసినవాడు ఇక్కడివాడు, అనేది ఆర్డిత్. కోటు ఇంకా ఎవరింట్లోనైనా తగిలించి ఉంటే వాడు ఇంకా వచ్చిపోయేవాడే, వచ్చి ఎన్నాళ్లైనా సరే. నిబంధనల పుస్తకంలో ఈ మాట లేదు. కాని ఆవిడ నింపిన గడుల్ని ఎవరూ తప్పని నిరూపించలేకపోయారు.

ఫోనెత్తితే ఆవిడ గొంతు మారిపోయేది. మామూలుగా గరగరమనే గొంతు, అప్పుడు మాత్రం దూది మీద నడిచినట్టుండేది. మూడు వాక్యాలు, ఎప్పుడూ అవే. "మరణ విచారణ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ. కూర్చుని ఉన్నారా? పక్కన ఎవరైనా ఉన్నారా?" నిలబడి విన్న ఒక ముసలాయన పడి తల పగలగొట్టుకున్నాడట, మొదట్లో. అప్పటినుంచి కూర్చోబెట్టకుండా ఎవరికీ చెప్పలేదు. పక్క బల్ల మీద ఇంకో రిసీవర్ ఉండేది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు విని రాసుకోవాలి. రాసుకునేది నేను. ఆ మూడు వాక్యాలు వినీ వినీ, ఒకసారి మా అమ్మ పుట్టినరోజుకి ఫోన్ చేసి, "కూర్చున్నావా?" అని అడిగేశాను. అమ్మ వెంటనే మా తమ్ముడి పేరెత్తి కేకపెట్టింది.

పద్దెనిమిదేళ్ల ఫోన్లలో ఆర్డిత్ ఒక మాట పదే పదే విన్నది. ఎక్కడో అయోవాలో ఒక తల్లి, ఒరెగాన్‌లో ఒక అన్న, ఏడుపు మధ్యలో అనేవారు, "పోయినేడు ఇంటికొచ్చి మూడు నెలలున్నాడు, బాగానే ఉన్నాడండీ. మళ్లీ అక్కడికే వెళ్లాడు." వందలసార్లు విని ఉంటుంది. దాంతో ఆవిడకొక నమ్మకం ఏర్పడింది.

"జూదం ఒక్కటే కాదే," అనేది. "రెండు రోజులకి వచ్చినవాడికి జేబులో తిరుగు టికెట్టు ఉంటుంది. ఇక్కడ ఉండేవాడు పాలు కొనడానికి వెళ్తే దుకాణం తలుపు దగ్గరే యంత్రం. సరే, అది ఒకటి. ఇంటికొస్తే పక్కింటివాడు మారిపోయి ఉంటాడు. వీడు రెండు రోజులు బయటికి రాకపోతే, ఏమయ్యాడని తలుపు కొట్టేవాడుండడు. ఇక్కడినుంచి కదిలితే బతుకుతారే. సొంతింటికే వెళ్లక్కర్లేదు. కదిలితే చాలు."

"మరి నువ్వు కదల్లేదే?"

"నాకు నువ్వు రోజూ వాగుతుంటావుగా. తలుపు కొట్టక్కర్లేదు."

ఓరిన్ పెల్ ఆవిడ పక్కింటివాడు. నీళ్లు తీసేసిన ఈతకొలను చుట్టూ రెండంతస్తుల అద్దె గదులు, కింద వరసలో వాళ్లిద్దరూ. మిగతా గదుల్లో మనుషులు నెలనెలా మారేవారు. మిన్నెసోటాలోని డులూత్ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లయింది ఓరిన్. పద్నాలుగేళ్లు పేక పంచాడు. పేక పంచేవాళ్లు బల్ల వదిలేటప్పుడు రెండు చేతులు ఒకసారి చరిచి, అరచేతులు పైకి తిప్పి చూపించాలి, ఏమీ దాచలేదని పైనున్న కెమెరాకి తెలియాలి. ఓరిన్ అన్నం తిని లేచినా అలాగే చేసేవాడు. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి, ఉద్యోగం పోయింది. ఆ తర్వాత అతని రోజులు కిరాణా దుకాణం తలుపు పక్క యంత్రం దగ్గర, చిన్న నాణేలతో, గంటల తరబడి గడిచిపోయేవి. గెలవడానికి కాదు. అక్కడ కూర్చుంటే వచ్చేపోయే మనుషులు కనిపిస్తారు.

1997 శీతాకాలంలో ఒక మధ్యాహ్నం ఆర్డిత్ తన అన్నం డబ్బా తెరిచి, మూత పెట్టేసింది.

"ఓరిన్ నాకు చేపలు పట్టే గాలం ఇచ్చాడు. కర్రా చక్రం పెట్టె, అన్నీ."

"మంచిదేగా."

"పోయినవారం టోస్టర్ ఇచ్చాడు. అంతకు ముందు పనికి వేసుకెళ్లే నల్ల బూట్లు పై గదివాడికి ఇచ్చాడు." నా వంక చూసింది. "మన కాగితాల్లో ఎన్నిసార్లు రాశావు పిల్లా ఈ ముక్క? 'ఆఖరి రోజుల్లో వస్తువులు పంచిపెట్టాడు' అని?"

నేను చాలాసార్లు రాశాను.

శనివారం మధ్యాహ్నం నా కారులో ఆవిడ ఇంటికి వెళ్లాం. మాంసం కూర మీద వేయించిన బంగాళాదుంప ఉండలు పరిచి ఓవెన్‌లో పెట్టే వాళ్ల ఉత్తరాది వంట చేసింది. ఎండిన ఈతకొలను గట్టున బల్ల వేసి ఓరిన్‌ని పిలిచింది. సన్నటి మనిషి, శుభ్రంగా గడ్డం గీసుకుని వచ్చాడు. రెండు ముద్దలు తిన్నాక ఆవిడ అడిగింది.

"ఓరిన్, సూటిగా అడుగుతాను. చచ్చిపోదామనుకుంటున్నావా?"

అతని చెంచా ఆగింది. "తిండి పెట్టి అడిగే మాటేనా అది?"

"తిని చెప్పు."

"నీకేం కష్టం? నేను పోతే నువ్వు ఎవరికీ ఫోన్ కూడా చేయక్కర్లేదు. ఫారం మొత్తం చూడకుండా నింపేస్తావు."

"పద్నాలుగో గడి నింపలేను."

"ఏముంది అందులో?"

"నీదే ఊరని."

"డులూత్."

"పంతొమ్మిదేళ్ల నుంచి ఇక్కడున్నావు. చలికోటేది?"

"అక్కడే వదిలేసొచ్చా. మా చెల్లెలు వెర్నా ఈపాటికి ఎవరికో ఇచ్చేసుంటుంది. దాని చేతికి ఏది దొరికినా దానం చేసేస్తుంది, నన్ను తప్ప." నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అతను చెంచా పక్కన పెట్టాడు. "అనుకోవడం లేదని చెప్పను ఆర్డిత్. రోజూ కాదులే. మంగళవారాలు ఎక్కువ."

"మంగళవారం ఏముంది?"

"ఏమీ లేదు. అందుకే."

అడిగినందుకు అతనికి కోపం రాలేదు. తేలికపడ్డట్టు కూడా ఉన్నాడు. ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు. సోమవారం ఆవిడ సెలవు పెట్టి అతన్ని వైద్యుల దగ్గరికి తీసుకెళ్లింది. పేరు రాసుకుని ఏడు వారాల తర్వాత రమ్మన్నారు. ఏడు వారాలంటే ఏడు మంగళవారాలు. రోజూ పొద్దున్న ఆఫీసుకొచ్చీ రాగానే అతనికి ఫోన్ చేసేది. నాలుగు మోతలు మోగాక ఎత్తేవాడు. "ఉన్నాను" అని పెట్టేసేవాడు. మూడో మోతకీ నాలుగో మోతకీ మధ్య ఆవిడ ఊపిరి పీల్చకపోవడం నేను రోజూ చూసేదాన్ని.

కదిలితే బతుకుతారని ఆవిడ నమ్మకం కదా. ఎక్కడికి కదపాలి? చెల్లెలు తప్ప అతనికి ఎవరూ లేరు. ఆ చెల్లెలితో మాటలు లేక తొమ్మిదేళ్లు. తల్లి పోయినప్పుడు కొత్త సంవత్సరం రద్దీ, సెలవు ఇవ్వలేదు, ఓరిన్ వెళ్లలేదు. పూలు పంపాడు, అవి ఖననం అయిన నాలుగో రోజున చేరాయి. "మళ్లీ నీ ముఖం చూపించకు" అని చెల్లెలు రాసిన కార్డు అతని గదిలో టీవీ మీద ఇంకా నిలబెట్టి ఉంది.

"నేను మాట్లాడతాను ఆవిడతో," అంది ఆర్డిత్. "రెండు నెలలు ఉంచుకోమంటాను. కాదంటే నెల."

ఆఫీసులో ఉన్న వెతుకుడు పద్ధతుల్తో వెర్నా నంబరు పట్టుకుంది. గురువారం మధ్యాహ్నం, అందరూ తిండికి వెళ్లాక, తన బల్ల దగ్గరే కూర్చుని, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ తిప్పే ఫోన్ తిప్పింది. నేను పక్క బల్ల దగ్గర రెండో రిసీవర్ ఎత్తాను. ఎత్తమని ఆవిడ చెప్పలేదు. చెయ్యి దానంతటది వెళ్లింది. పెన్సిల్ కూడా తీసుకున్నాను.

"హలో?" చురుకైన గొంతు. వెనక రేడియో.

"వెర్నా లిండ్‌క్విస్ట్ గారేనా అండీ?"

"అవును."

"లాస్ వేగాస్ మరణ విచారణ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ," అంది ఆర్డిత్, దూది మీద నడిచే గొంతుతో. "కూర్చుని ఉన్నారా? పక్కన ఎవరైనా ఉన్నారా?"

ఆవిడకంటే ముందు నాకు తెలిసింది. పెన్సిల్ కింద పడేసి చేతులు ఊపాను. ఆవిడ నా వంక చూసింది గాని అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్ల నుంచి ఆ మాటల తర్వాత ఆగడమే అలవాటు. ఆగింది.

అవతల రేడియో ఆగిపోయింది. కుర్చీ లాగిన చప్పుడు.

"ఓరిన్," అంది వెర్నా. "అన్నయ్యేగా?"

"అమ్మా, ఒక్క నిమిషం..."

"వద్దు. ఎలాగో చెప్పొద్దు. నాకు తెలుసు, ఎప్పుడో ఒకరోజు ఈ ఫోను వస్తుందని తెలుసు. అయ్యో అన్నయ్యా! పిచ్చి అన్నయ్యా!" ఆ ఏడుపు మా గదిలో రోజూ వినే ఏడుపే. కాని ఈసారి ఎవరూ పోలేదు. "నేనే రానివ్వలేదండీ. నేనే రావద్దని రాశాను. రాసి ప్రతి క్రిస్మస్‌కీ కిటికీ దగ్గర కూర్చున్నాను, నా మాట వినకుండా వస్తాడేమోనని. మొండివాడేగా, వస్తాడనుకున్నాను. వాడి కోటు ఇంకా కింద గదిలో తగిలించే ఉందండీ. ఏటా వసంతంలో ఎండలో వేస్తాను. ఎందుకేస్తున్నానో మా ఆయనకి కూడా చెప్పలేదు. వాడిని పంపించెయ్యండి. అమ్మ పక్కన చోటుంది, వాడికే ఉంచాం. ఇంటికి పంపించెయ్యండి."

ఆర్డిత్ ముఖం గోడకు వేసిన సున్నంలా అయిపోయింది. ఆ కోటు మాటతో, ఆవిడ లెక్కలో, పంతొమ్మిదేళ్లుగా ఇక్కడున్న మనిషి వచ్చిపోయేవాడైపోయాడు. ఆ సంగతి ఆవిడకి తట్టిందో లేదో నాకు తెలియదు.

"అమ్మా. ఓరిన్ బతికే ఉన్నాడు."

అవతల మళ్లీ కుర్చీ చప్పుడైంది.

"ఏమన్నారు?"

"బతికే ఉన్నాడమ్మా. నా పక్కింట్లో ఉంటాడు. నేను వేరే పని మీద ఫోన్ చేశాను, అలవాటుకొద్దీ నా నోట్లోంచి... తప్పు నాదే. అతనికి ఒంట్లో బాగాలేదు, మనసు బాగాలేదు, కొన్నాళ్లు మీ దగ్గర..."

"బతికే ఉన్నాడా," అంది వెర్నా. అది ప్రశ్న కాదు. గొంతులో తడి ఆరిపోతున్న చప్పుడు నిజంగానే వినిపించింది. "వాడు చేయించాడా ఇది?"

"లేదమ్మా, అతనికి తెలియనే తెలియదు."

"తెలియదు! తల్లి చావుకి రానివాడు, తన చావు చూపించి ఇంట్లో దూరదామనుకున్నాడా? నా చేత ఇవన్నీ చెప్పించి, వెనకాల నిలబడి నవ్వుతున్నాడా?"

"దేవుడి తోడు..."

"నిజంగా చచ్చినప్పుడు చెయ్యండి ఫోను. అంతదాకా వద్దు."

వెర్నా పెట్టేశాక కూడా ఆర్డిత్ రిసీవర్‌ని చెవి దగ్గరే ఉంచుకుంది. నేను వెళ్లి చేతిలోంచి తీసి పెట్టాను.

"విన్నావుగా," అంది.

"విన్నాను."

"ఓరిన్‌కి చెప్పకూడదు."

"తిట్టిందనా?"

"తిట్లు చెప్పొచ్చు. ముందన్నవి చెప్పకూడదు." చేతులు బల్ల మీద పరిచి వాటినే చూసింది. "వాడి గురించి ఎవరైనా మంచిమాట అనగా ఇన్నేళ్లలో నేను విన్నది అదొక్కటే. అదేమో చచ్చినవాడితో అన్న మాట. ఇప్పుడున్న స్థితిలో వాడికది చెబితే ఏం నేర్చుకుంటాడు? ఎలాగైతే చోటు దొరుకుతుందని నేర్చుకుంటాడు?"

నేను కింద పడ్డ పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఫోన్ చేస్తే పన్నెండు మోతలకీ ఓరిన్ ఎత్తలేదు. ఆవిడ సంచీ తీసుకుని లేచేసరికి అతనే మా ఆఫీసు కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. అతని ముఖంలో రంగు చూడడం నాకదే మొదటిసారి.

"ఎవరు చంపారు నన్ను?" అన్నాడు, వరసలో నిలబడ్డ నలుగురికీ వినపడేలా. "ఏ ఫారంలో చంపారు? చూపించండి!"

"ఓరిన్, లోపలికి రా."

"రాను. ఒకసారి మీ లోపలికొచ్చినవాడు బయటికి వెళ్తాడా?" వరసలో ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "రాత్రి వెర్నా ఫోన్ చేసింది. గంటసేపు తిట్టింది. తొమ్మిదేళ్లదీ ఒక్కసారే తిట్టింది. మధ్యలో కాఫీ పొంగిపోతే వెళ్లి దించి, మళ్లీ వచ్చి తిట్టింది."

"ఇంకేమైనా అందా?" అంది ఆర్డిత్ మెల్లగా.

"ఇంకేమంటుంది? గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానంది. నేను చచ్చానంటే నమ్మిందట! ఒక్క నిమిషం కూడా అనుమానం రాలేదట. 'తెలుసు, ఎప్పుడో ఇలా అవుతుందని తెలుసు' అనుకుందట. అంత సులభంగా ఎలా నమ్ముతుంది? సొంత చెల్లెలు! నేనంటే అంతేనా?"

ఆర్డిత్ పెదవులు కదిలాయి. వెర్నా కూర్చున్న కిటికీ, కోటు, తల్లి పక్కనున్న చోటు, ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. మింగేసింది.

"అంతేనేమో," అంది.

"అంతేనేమోనా? వెళ్తాను. వెళ్లి దాని గడప మీదే నిలబడి ముఖం చూపిస్తాను. బతికున్నవాడు ఎలా ఉంటాడో చూడమంటాను." కిటికీ బల్ల మీద గుద్దాడు. "నా గాలం నాకిచ్చెయ్. అక్కడ సరస్సు గడ్డకట్టి ఉంటుంది, బెజ్జం చేసి పట్టుకోవచ్చు. టోస్టర్ నువ్వే ఉంచుకో. నీతో నాకు మాటల్లేవు."

గాలం తిరిగి అడిగాడని ఆవిడ ఆ రోజంతా నాతో నాలుగుసార్లు చెప్పింది. ఒక్కసారి కూడా నవ్వకుండా చెప్పింది.

శనివారం మిట్ట మధ్యాహ్నం బస్సు. ఆవిడని చూస్తే అతను బస్సెక్కడం మానేస్తాడేమోనని, రోడ్డుకి ఇవతల నా కారులో కూర్చుని చూశాం. చేతిలో ఒక సంచీ, భుజాన గాలం గొట్టం. ఒంటి మీద పల్చటి చొక్కా. డులూత్‌లో అప్పుడు ఎంత చలి ఉంటుందో ఆర్డిత్ నాకు చెప్పబోయి ఆగింది. బస్సు కదిలింది. కిటికీలన్నీ ఎండకి తెల్లగా మెరిశాయి, ఏ కిటికీలో ఎవరున్నారో కనపడలేదు.

వెర్నా ఫిర్యాదు పదో రోజున వచ్చింది. మూడు పేజీలు, చక్కటి చేతిరాత. మా అధికారి గ్రేడీ చెడ్డవాడు కాడు. తలుపు మూసి చదివాడు, తలుపు తెరిచి ఆర్డిత్‌ని పిలిచాడు.

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు."

"ఎందుకు చేశావు?"

"పోయాక చేసే ఫోను ముందే చేద్దామనుకున్నాను."

ఆఫీసు ఫోను సొంతానికి వాడడం, బతికున్న మనిషి చావు కబురు చెప్పడం. రెండో దానికి పుస్తకంలో శిక్ష లేదు, ఎవరూ చేస్తారనుకోలేదు గనక. ఆవిడని కింది అంతస్తులో నకళ్లు తీసి ఇచ్చే కిటికీకి మార్చారు. ఊరు కాని ఊళ్లకు చావు కబుర్లు ఇక అక్కడి పోలీసులే చెబుతారన్నారు. పద్నాలుగో గడికి ఫోన్లు అక్కర్లేదు, లైసెన్సు మీదున్న ఊరు చూసి నింపితే చాలన్నారు. నింపేది నేను.

మా ఊళ్లో సగం మంది పాత రాష్ట్రం లైసెన్సు మార్చుకోరు, రేపో ఎల్లుండో వెళ్లిపోతామనే నమ్మకంతో. ఆ ఏడాది చివరికి ఇక్కడివాళ్ల లెక్క బాగా తగ్గింది, వచ్చిపోయేవాళ్ల లెక్క పెరిగింది. ఊరు తన మనుషుల్ని బాగా చూసుకుంటోందని పత్రికలో రాశారు. ఆరోగ్యం ఆఫీసు ఆవిడ కేకు తెచ్చింది. తర్వాత నెల తెల్ల బూట్ల మనిషి మిఠాయి లేకుండా వచ్చాడు. ముప్ఫై రోజులు దాటి ఒకే గదిలో ఉంటే స్థానికుడిగా రాయాలని కొత్త కాగితం వచ్చింది. మరుసటేడు లెక్క తిరగబడింది. ఎందుకు తిరగబడిందో తేల్చడానికి ఒక సంఘం వేశారు. రెండేళ్లలోనూ మా గదికి వచ్చిన ఫారాలు దాదాపు అన్నే. నేనే నింపాను, నాకు తెలుసు.

రోజూ పదింటికి ఆర్డిత్ కాఫీ గ్లాసుతో పైకి వచ్చేది. ఆ తుంటితో ఇరవై రెండు మెట్లు. నా బల్ల దగ్గర ఆగి, "పెల్?" అనేది. నేను ఆ రోజు పోయినవాళ్ల జాబితా చూసి, "లేడు" అనేదాన్ని. దిగిపోయేది. డులూత్ నుంచి కార్డు లేదు, కబురు లేదు. మాటల్లేవన్న మనిషి మాట నిలబెట్టుకున్నాడు.

పద్నాలుగు నెలలు అలా అడిగాక, ఒక రోజు నేను ఆగలేకపోయాను.

"ఆర్డిత్, అతను అక్కడ పోతే మన జాబితాలోకి రాడు. ఇక్కడ లేడని తప్ప ఇందులో ఏమీ ఉండదు."

"తెలుసు. ఆ జాబితా నీకు చదవడం నేర్పింది నేనేగా."

"మరి వెర్నాకి ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కో. ఎలా ఉన్నాడని ఒక్క మాట."

"నా గొంతు వినగానే ఆవిడ కుర్చీ వెతుక్కుంటుంది. నేనేం చెప్పినా తర్వాతి మాట. ముందు కూర్చుంటుంది."

"అయితే నేను చేస్తాను. నన్ను ఆవిడ ఎప్పుడూ వినలేదు."

నా ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పబోయాను. ఆర్డిత్ వంగి, రిసీవర్ మీద చెయ్యి పెట్టింది.

"ఏదీ, ఆవిడ ఎత్తిందనుకుని మాట్లాడు, విందాం."

"హలో," అన్నాను. "వెర్నా లిండ్‌క్విస్ట్ గారేనా అండీ?"

నా చెవులతో నేనే విన్నాను. నా గొంతు దూది మీద నడుస్తోంది.

ఆర్డిత్ చెయ్యి తీసింది. చల్లారిన కాఫీ పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి తన కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.